గిద్దె అచ్చు పడ్డ కుక్కబిళ్లలు

ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినప్పుడు, వీధిలో ఎక్కడో ఒక కుక్క మొరుగుతుంటే నాకు హాయిగా నిద్ర పడుతుంది. మొరుగుడు ఆగిందంటే లేచి కూర్చుంటాను. "అందరికి కుక్కల లొల్లితోటి నిద్ర పట్టది, మా అమ్మమ్మకు లొల్లి లేకుంటే పట్టది" అని మనవరాళ్లు నవ్వుతారు. వాళ్లకు ఇన్నాళ్లూ సగం కథే చెప్పాను. నేను తెలివిగా కనబడే సగం. మిగతా సగం ఇది.

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఒక మెట్ట ఊరు. కోమట్లం. ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు. రజాకార్ల గడబిడ మొదలుకాకముందే బాపు పోయాడు. అది మొదలయ్యాక అన్న సంఘంలో కలిసి, దళంతో గుట్టల్లోకి పోయాడు. పటాలాలు వచ్చి నిజాం రాజ్యం పోయింది, రజాకార్లూ పోయారు, అన్న మాత్రం ఇంటికి రాలేదు. కొత్త సర్కారు తుపాకులు ఇప్పుడు దళాల కోసం గుట్టలు గాలిస్తున్నాయి. దొర పట్నం పారిపోతే ఖాళీ అయిన గడీలో పోలీసులు క్యాంపు పెట్టారు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. పెళ్లయింది గానీ జడ్చర్లలో ఉన్న మా అత్తగారు "గడబిడ తగ్గినంక పిల్లను పంపుండ్రి" అని కబురు పెట్టి ఊరుకున్నారు. ఆ సందున దుకాణం నా చేతికి వచ్చింది. బేరంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. చింతపండు తూచేటప్పుడు గింజలు ఏరమంటే, గింజలు ఏరిన కష్టానికి కూడా రేటు కట్టే రకాన్ని. అయితే తూకం అయిపోయాక కొసరు వేయడం మాత్రం ఎప్పుడూ మరవను. కొసరు వేసిన చేతిని ఎవరూ అనుమానించరని బాపు నేర్పాడు.

అమ్మకు కళ్లలో పొరలు కమ్ముతున్నాయి. మొదట సూదిలో దారం పోయింది, తర్వాత బియ్యంలో రాళ్లు పోయాయి, ఆ ఎండాకాలానికి మనుషుల ముఖాలు పోవడం మొదలయింది. "పూరా గుడ్డిదాన్ని గాకముందు వాని ముఖం ఒక్కపారి సూపియ్యి బిడ్డా" అనేది. ఇంకే కోరికా లేదు ఆమెకు. రోజుకు నాలుగుసార్లు అదే మాట.

దళానికీ ఊరికీ మధ్య మాటలు మోసేది ఒక గాజులామె. ఒకనాడు అరుగు మీద కూర్చుని, నా చెయ్యి పిసికి గాజు ఎక్కిస్తూ నోరు కదపకుండా చెప్పింది.

"నీ అన్న బాగనే ఉన్నడు. అమ్మను సూడ వస్తనంటున్నడు. గని మీ ఊరి కుక్కలున్నయి సూడు, ఆకు గదిలితె ఊరు లేపుతయి. కుక్కల్ని లేకుంట జేస్తెనే వచ్చుడు."

"లేకుంట అంటే?"

"దుకాణం పెట్టుకొని నన్నడుగుతవా? విషముష్టి గింజలు లేవా మీ కాడ?"

ఉన్నాయి. చేలమీద పడే అడివి పందులకు పెట్టడానికి కొనుక్కుపోయేవాళ్లు. లోపలి నుంచి అమ్మ విన్నది.

"కుక్కల ఉసురు దీసి నా కొడుకును సూసుకుంటనా? కండ్లు పోతె పోనియ్యి, నాకొద్దు."

ఇటు ఈమె, అటు ఆమె. నాకు ఇక చెప్పాల్సిన పని లేదు, బేరం మొదలుపెట్టాను. "పది దినాలు గడువియ్యి. ఒక్క కుక్క సావది, ఒక్క కుక్క మొరగది."

గాజులామె నా ముఖంలోకి చూసింది. "కుక్కలతోటి గూడ బేరమాడుతవా?"

"తిని లేదనే మనుషులతోటి రోజూ ఆడుతున్న. తిని తోక ఊపేటియి, వాటిదెంత?"

పదో నాడు అమావాస్య. మిట్టమధ్యాహ్నం రావాలని మాట అయింది. చీకటి పడితే క్యాంపువాళ్లు కదిలిన దానిమీదల్లా తుపాకీ పేలుస్తారు. మధ్యాహ్నం ఎండకు గడీ ముందు కావలివాళ్లు కూడా కునుకు తీస్తారు. ఊళ్లో జనం ఆ వేళ గాలీ ధూళీ తిరుగుతుందని తలుపులు బిడాయించుకుంటారు. తెల్లటి వీధిలో మెలకువగా ఉండేవి గోడల నీడన పడుకున్న కుక్కలే.

ఆ సాయంత్రమే కుక్కబిళ్లలకు కూర్చున్నాను. సరుకంతా అమ్ముడుపోనిదే వాడాను, అది చెప్పకపోతే నా గురించి తప్పుగా అనుకుంటారు. పురుగు పట్టిన జొన్నపిండి, కుండ అడుగున నల్లబడ్డ బెల్లం, వెన్న కాచగా గిన్నెకు అంటుకున్న గోకుడు, గానుగ దగ్గర దొరికే నువ్వుల చెక్క. అన్నీ కలిపి గట్టిగా పిసికి, చిన్న ఉండలు చేసి, కొలత గిద్దె అడుగుతో ఒత్తేదాన్ని. ఆ గిద్దెకో చరిత్ర ఉంది. గింజలు కొంచెం తక్కువ పట్టేలా బాపు దాని అడుగును లోపలికి నొక్కి పెట్టాడు. అందుకని ప్రతి బిళ్ల నడుమ చిన్న బొడిపె లేచేది. ఊరంతటిలో అలాంటి అడుగున్న గిద్దె ఇంకొకటి లేదు. మా ఇంటి మోసం ప్రతి బిళ్ల మీదా బొడ్డులా కనబడేది.

పిడకలు కాల్చి, నిప్పుల మీద మట్టి పెంక పెట్టి, బిళ్లలు పేర్చి, పైన ఇంకో పెంక బోర్లించి, దాని మీదా నిప్పులు పోసేదాన్ని. బెల్లం, నెయ్యి కాలే వాసన వీధి చివరిదాకా పోయేది. కాలాక అవి కొరికితే పటుక్కుమనేవి. ఎలా తెలుసంటారా? ఒకటి తిని చూశాను. నా చేత్తో చేసిన సరుకు రుచి చూడకుండా ఎలా ఉంటాను?

తర్వాతి పని కుక్కలకు నేర్పడం. అన్న పాత గొంగడి ముసుగు వేసుకుని, అన్న విడిచిపోయిన కిర్రుచెప్పులు తొడుక్కుని మిట్టమధ్యాహ్నం వీధిలోకి వెళ్లేదాన్ని. ఆ ఆకారానికి, ఆ చప్పుడుకు అలవాటు పడాలని. మొరిగిన కుక్కకు బిళ్ల లేదు, మొరగని దానికి ఒకటి. తోక ఊపితే కొసరు. మూడో నాటికి సగం కుక్కలకు బేరం అర్థమయింది. అయిదో నాటికి నా చెప్పుల కిర్రు వినగానే అన్నీ లేచి, నోరు మెదపకుండా బారుగా నా వెనక నడిచేవి. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి ఎండ, నల్లటి చిన్న చిన్న నీడలు, ఇరవై జతల కళ్లు. చేసింది నేనే అయినా నా వీపు జల్లుమనేది.

ఊరికి ముందుగా తెలిసింది నిశ్శబ్దం. పొద్దున దుకాణానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

"కుక్కలు మొరుగుతలేవు, సూస్తున్నవా? ఏందో కీడున్నది."

"గొంగడి ముసుగేసుకొని ఒకటి తిరుగుతందట. తలుపు సందులకెంచి మా కోడలు సూసింది. ముఖం లేదట. దానెనుక కుక్కలన్ని సప్పుడు జేయకుంట పోతున్నయట."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "అయ్యో" అంటూ వాళ్లకు సాంబ్రాణి అమ్మాను. కర్పూరం అమ్మాను. గుమ్మానికి కట్టుకోమని ఎండిన నిమ్మకాయలు కూడా అంటగట్టాను. నా దయ్యం వల్ల దుకాణం ఎన్నడూ లేనంతగా నడిచింది.

అన్ని కుక్కలూ లొంగాయి, ఒక్కటి తప్ప. గుట్టల నుంచి ఊళ్లోకి దిగే బాట పక్కనే గొర్లు కాసే అవ్వ ఒకామె దొడ్డి ఉంది. ముసలిది, ఒంటరిది. ఆమె కుక్క నా బిళ్ల వైపు ముక్కు కూడా తిప్పలేదు. కంచె దగ్గర అడుగు పడితే చాలు, గుండె ఆగేలా మొరిగేది.

అవ్వ దగ్గరికి పోయాను. "నీ కుక్క ఏమి దింటదవ్వా?"

"నేను పెట్టింది దింటది. పిల్లప్పుడు నా నోట నమిలి పెట్టిన. ఇగ వేరేటోల్లది ముట్టది."

"నాలుగు దినాలు దాన్ని అడివికి తోలుకపో. ఉప్పు ఇస్త, బెల్లమిస్త."

"తోడేలు మొన్ననే రెండు పిల్లల నెత్కపాయె. కుక్క లేకుంట దొడ్డి ఎట్లుంటది?"

"బెల్లం రెండింతలిస్త."

"బిడ్డా" అన్నది అవ్వ, గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా, "అన్నిటికి రేటుండదే."

ఆ మాట నాకు బేరంలో వేసిన ఎత్తులా వినబడింది. అంటే ఇంకా ఎక్కువ అడుగుతున్నదనుకున్నాను. నా బుద్ధి అంతవరకే నడిచేది.

ఎనిమిదో నాడు, అమ్మ పడుకున్నాక, ఒక బిళ్ల విడిగా కాల్చాను. విషముష్టి గింజ అరగదీసి, బెల్లం రెండింతలు వేసి. అవ్వకు ఇస్తానన్న రెండింతలు. తెల్లవారగానే పోయి కంచె సందులోంచి దొడ్డిలోకి వేసి వచ్చాను. ఒక కుక్క ప్రాణం, అమ్మ కళ్లు. తక్కెడ ఎటు మొగ్గుతుందో దారంతా చూసుకుంటూనే వచ్చాను.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే బిళ్ల లేదు. కుక్క ఉంది. కంచె అవతల కూర్చుని నన్నే చూస్తున్నది. ఆ రోజు అది నన్ను చూసి మొరగలేదు. పెదవి కొంచెం పైకెత్తింది, అంతే. నేను పరుగెత్తుకు వచ్చేశాను. "అవ్వ దొడ్డి దిక్కు వద్దు, చుట్టు తిరిగి గానుగ దిక్కు నుంచి రమ్మను" అని గాజులామెకు కబురు చెప్పాను.

జమాదారు మాట ఇంతదాకా దాటేశాను, నాకు అందులోనే ఎక్కువ సిగ్గు కాబట్టి. ఏడో నాడు క్యాంపు జమాదారు దుకాణానికి వచ్చాడు. సర్కారు జిల్లాల మనిషి, కోస్తా యాస, మెత్తటి మాట.

"ఏమ్మా, మీ ఊళ్లో కుక్కలకి నోళ్లు కుట్టేశారా ఏంటి?"

"ఎండకు సోలిపోయినయి దొరా."

"అలాగా. ఈ వాసన మాత్రం బాగుంది. కుక్కలకేనటగా? క్యాంపులో మాకూ ఓ కుక్కపిల్లుంది. ఓ సంచెడు ఇస్తావా?"

లేదు పొమ్మంటే అనుమానం వస్తుందని ఇచ్చాననే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజమేమంటే, ఆయన బదులుగా ఒక డబ్బా గ్యాస్ నూనె ఇస్తానన్నాడు. దీపాల నూనె దొరకక ఊరు చీకట్లో ఉన్న రోజులు. నేను డబ్బాన్నర అడిగాను. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్న గిరాకీని అనుమానించాలని ఏ దుకాణదారు పిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. అయినా సంచి నింపి, చెయ్యి అలవాటుకొద్దీ మళ్లీ బుట్టలోకి పోయింది. నాలుగు బిళ్లలు కొసరు వేసి మరీ ఇచ్చాను.

తొమ్మిదో నాడు ఒకామె పసుపు కొంటూ చెప్పింది. "నిన్న గడీ గోడ పొంటి పోయిందట అది. కుక్కలన్ని ఎనుకనే."

గడీ వైపు నేను ఒక్కనాడూ పోలేదు. అంతకుముందు రోజు అసలు ముసుగే వేయలేదు. ఆ రోజు మొట్టమొదటిసారి మా కొట్లో సాంబ్రాణి మేమే వేసుకున్నాం.

అమావాస్య నాడు అన్న వచ్చాడు. పెరటి తలుపు గోటితో గీరిన చప్పుడు, తెరిచేసరికి లోపల ఉన్నాడు. బయట ఒక్క మొరుగు లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తలుపులన్నీ మూసి ఉండటంతో ఇంట్లో మసక చీకటి. అమ్మ మూడు విస్తళ్లు వేసింది. అన్న రెండు ముద్దలు తిన్నాడో లేదో, అమ్మ చేతులతో అతని ముఖం తడమసాగింది.

"గడ్డమైతె తెలుస్తున్నది. ముఖం గనవడతలేదు. జర తలుపు తియ్యి."

"అమ్మా, ఎవలన్న సూస్తరు."

"జరంత."

జానెడు తీశాను. కత్తిలా ఒక వెలుగు చార వచ్చి అన్న చెంప మీద పడింది. అమ్మ ముఖం దగ్గరికి తెచ్చి చూసింది. నుదుటి మీద కొత్త మచ్చ చూసింది. ఒక కన్ను చూసింది.

"ఇంకో జానెడు కొసరు తియ్యి బిడ్డా" అన్నది.

తీశాను. రెండో కన్ను వెలుగులోకి వచ్చింది. అమ్మ ఊపిరి కూడా తీయకుండా చూస్తున్నది.

అప్పుడు అవ్వ కుక్క మొరిగింది.

అయిదు రోజులుగా వీధిలో మొరుగు వినని చెవులకు అది గోడ కూలినట్టు తగిలింది. ఒకటి కాదు, ఆగకుండా, గొంతు చించుకుని. గుట్టల బాట మీద, అవ్వ దొడ్డి పక్కన, ఎవరో చాలామంది ఉన్నారు. అన్నకు మేము చెప్పాల్సిన పని లేకపోయింది. ఎంగిలి చెయ్యి అమ్మ చేతిలోంచి విడిపించుకుని పెరటి గోడ దూకి గానుగ వైపు పోయాడు. నేను దుకాణం వైపు పరుగెత్తి తలుపు సందులోంచి వీధిలోకి చూశాను.

గొంగడి ముసుగు వేసుకుని ఒక ఆకారం నడిచి వస్తున్నది. వెనక ఊరి కుక్కలన్నీ బారుగా, తోకలు ఊపుతూ, చప్పుడు లేకుండా. నా దయ్యం నన్ను వెతుక్కుంటూ నా గుమ్మానికే వస్తున్నది. ముసుగులోంచి ఒక చెయ్యి బయటకు వచ్చి ఏదో విసిరింది. ఎండలో గిర్రున తిరిగి మట్టిలో పడిన ఆ బిళ్ల మీద బొడిపె నాకు తలుపు సందులోంచే కనబడింది.

అవ్వ దొడ్డి దిక్కు తుపాకీ పేలింది. మొరుగు ఆగిపోయింది.

"తలుపు తియ్యమ్మా" అని జమాదారు గొంగడి తీసి భుజాన వేసుకున్నాడు. ఇల్లంతా చూశాడు. విస్తళ్ల దగ్గర ఆగాడు.

"ఇంట్లో ఇద్దరు. అన్నం ముగ్గురికా?"

అమ్మ కదల్లేదు. "అమాస గదయ్యా. పోయిన మా ఆయనకు పెట్టుకున్నం."

"పోయినాయన రెండు ముద్దలు తిన్నట్టున్నాడే."

"ఆకలిగొని ఉంటడు" అన్నది అమ్మ.

ఆయన అమ్మ కళ్లలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గొంగడి భుజాన సర్దుకుని వెళ్లిపోయాడు. కుక్కలు ఆయనతోనే వెళ్లాయి.

మర్నాడు పొద్దున అవ్వ వచ్చింది. దుకాణంలో ఇంకెవరూ లేరు. కొంగు ముడి విప్పి, ఒక బిళ్ల తీసి తక్కెడలో పెట్టింది. బిళ్ల ఎక్కడా కొరికి లేదు. నడుమ బొడిపె.

"నీ గిద్దె అచ్చే గద?"

నేను గిద్దెను కొంగు చాటుకు జరిపాను.

"ఆనాడు నోట కరుసుకొచ్చి నా కాళ్లకాడ పెట్టింది. నాలిక కొసకు తాకిచ్చి సూసిన. సేదు. నీ అన్న సంగతి నాకెరుకే బిడ్డా, గందుకే ఎవ్వలికి సెప్పలే. నిన్న పోలీసోల్లు బాటకు అడ్డం కూసుంటందుకొచ్చిండ్రు. అది మొరిగింది. కాల్సిండ్రు."

"అవ్వా, నీకేం గావాలన్నా..." అని మొదలుపెట్టాను. ఉప్పు, బెల్లం, గ్యాస్ నూనె నోటిదాకా వచ్చాయి.

"నాకు కుక్క గావాలె" అన్నది అవ్వ. "కుక్కపిల్లను దెచ్చుకున్న, ఇంక కండ్లు దెరవలే. అది మొరిగేదాక దొడ్డికాడ కావలెవలుంటరు? నేను మందెంట పోతె, ఈనిన గొర్లు, పిల్లలు దొడ్డిల ఉంటయి. రేపటి సంది నువ్వు రా."

"నేనా? ఎన్ని దినాలు?"

"అది మొరిగేదాక అన్న గద."

పోయాను. దుకాణం పొద్దునా సాయంత్రం తెరిచి, మధ్యాహ్నాలు అవ్వ దొడ్డిలో కంచె పక్కన, ఆ కుక్క కూర్చునే గుంటలోనే కూర్చున్నాను. ఇంకెక్కడా నీడ లేదు. మట్టిలో దాని వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. ఎండ గుట్టల మీద మరుగుతుంటే, ఎక్కడో ఒక రాయి జారేది. తోడేలా, పోలీసా, ఇంకేమైనానా తెలిసేది కాదు. ఊరి కుక్కలు బిళ్లల కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చి కంచె అవతల బారుగా కూర్చునేవి. ఒక్కటీ మొరిగేది కాదు. నన్నే చూస్తూ ఉండేవి. చప్పుడు వినబడినప్పుడల్లా లేచి అరవాల్సింది నేనే. మొదటిరోజు గొంతు పెగల్లేదు. నాలుగోరోజు అరిచాను. ఆ తర్వాత రోజూ అరిచాను. సాయంత్రం బేరం ఆడటానికి గొంతు మిగిలేది కాదు, గిరాకీలు అడిగిన రేటుకే ఇచ్చి పంపేదాన్ని.

అన్న ఆ నాడు బతికిపోయాడు. కొన్నేళ్లకు ఇంటికి వచ్చాడు. అప్పటికి అమ్మ కళ్లు పూర్తిగా పోయాయి. ముఖం తడిమి, "నుదుటి మీది మచ్చ పోయిందా?" అని అడిగింది. ఆమె చూసిన చివరి ముఖం ఆ రెండు జానల వెలుగులోదే.

వానలు పడే ముందు ఒక మధ్యాహ్నం, అవ్వ జొన్నరొట్టె నమిలి పిల్లకు పెడుతున్నది. నేను కంచె పక్కన ఉన్నాను. గుట్ట వైపు ఏదో కదిలింది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల చెవులు నిక్కించి, నాలుగు కాళ్లూ వణుకుతుండగా, బొంగురుగా ఒక్కసారి మొరిగింది. కాసేపటికి ఊళ్లో ఎక్కడో ఇంకో కుక్క జవాబిచ్చింది.

అవ్వ నా వైపు చూసింది.

"ఇగ నువ్వు పో బిడ్డా. నీకంటె ఇదే నయంగ మొరుగుతంది."